ఎంక్వయిరీ మరదలు

మా తమ్ముడి భార్యని ఇంట్లో అందరం ఎంక్వయిరీ అనే పిలుస్తాం. బస్టాండులో ఎంక్వయిరీ కిటికీ వెనక కూర్చుని ఏళ్ళ తరబడి జవాబులు చెప్పిన మనిషి ఆమె. అడిగిందే మళ్ళీ అడిగేవాళ్ళకీ, ఎదురుగా బోర్డున్నా చదవనివాళ్ళకీ, బస్సు వెళ్ళిపోయాక వచ్చి పోట్లాడేవాళ్ళకీ ఒకే గొంతుతో చెప్పేది. నేనైతే మొదటి రోజే ఎవరి నెత్తిమీదో మైకు విసిరేసి ఇంటికొచ్చేదాన్ని. ఆ కిటికీ జీతంతోనే మా తమ్ముడు పిల్లల డాక్టరయ్యాడు. చదివింది వాడు, నిద్ర మానుకుంది ఆమె. ఆడపడుచుని కదా, ఈ మాట ఆమె ఎదుట ఎప్పుడూ అనలేదు. మంచిదని ఒప్పుకుంటే నెత్తికెక్కుతుందని భయం.

వాడు సొంత క్లినిక్ పెట్టుకోగానే ఆమె ఉద్యోగం మానేసి ముందు గదిలో టోకెన్లు ఇవ్వడానికి కూర్చుంది. క్లినిక్ కోసం ఉన్న ఒక్క ఇల్లూ బ్యాంకులో తాకట్టు పెట్టారు. పిల్లలిద్దరూ ఇంకా బడిలోనే ఉన్నారు. కొత్త డాక్టరిల్లంటే బయటివాళ్ళకి పెద్ద గొప్ప. లోపలికొచ్చి చూస్తే పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఆమెకి పట్టుకున్న భయం ఒకటే. ఒక సాయంత్రం నాతో కలిసి ఆరిన బట్టలు మడతపెడుతూ బయటపెట్టింది.

“వదినా, ఈ ఇల్లంతా ఆయన రెండు చేతుల మీద నిలబడింది. ఆ చేతులు కొన్నాళ్ళు ఆగిపోతే నేనూ పిల్లలూ ఎక్కడుంటాం? బీమా ఏది తీసుకోవాలో, లోను ఎలా తీర్చాలో తెలిసినవాళ్ళెవరైనా చూసి చెప్పాలి. నాకు బస్సులు తప్ప ఏం తెలుసు?”

అలా మొదలైంది వెతుకులాట. డబ్బు సంగతుల్లో సలహా చెప్పేవాళ్ళు వీధికొకరున్నారు గానీ మా తమ్ముడికి నచ్చేవాడే దొరకలేదు. మొదట ఒకాయన టై కట్టుకొచ్చి, ఇంటి ఖర్చంతా ఓపిగ్గా విని, పెద్ద పాలసీ తీసుకోమన్నాడు. డాక్టర్‌గారు ఒకసారి రక్తపరీక్ష చేయించుకుంటే చాలన్నాడు. ఆయన గడప దాటగానే “ఎక్కువ మాట్లాడుతున్నాడు” అన్నాడు మా తమ్ముడు. తర్వాత ఒక కుర్రాడొచ్చాడు. అతనూ అదే పాలసీ, అవే పరీక్షలు చెప్పాడు. అతను మరీ తక్కువ మాట్లాడాడట. మూడో ఆయన్ని మా తమ్ముడి దగ్గర పనిచేసిన పెద్ద డాక్టరు పంపాడు. కాదు, ఆ పెద్ద డాక్టరు దగ్గరే మా తమ్ముడు పనిచేశాడు. వాడి డాబు చూసి నేనే తికమకపడుతుంటాను. పరీక్షలకి ఏ రోజు వీలవుతుందని అడిగినందుకు, ఈయన మన గుట్టంతా పెద్దాయన చెవిలో వేస్తాడని తీసిపారేశాడు.

“ఆడపిల్లకి సంబంధాలు చూసేటప్పుడు కూడా ఇన్ని వంకలు పెట్టరురా” అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

ఆ మధ్య వాడు బూట్లు మానేసి చెప్పులతో క్లినిక్కి వెళ్ళడం మొదలెట్టాడు. బూట్లు బిగుతయ్యాయట. “ప్రాక్టీసు పెరగలేదు గానీ పాదాలు పెరిగాయి” అని ఆటపట్టించాను. పిల్లలు పడిపడి నవ్వారు. వాడూ నవ్వి, కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

నాలుగోసారి బ్యాంకు మేడమ్ వచ్చింది. బ్యాంకులో రిటైరై, తెలిసినవాళ్ళకి సలహా చెబుతూ ఉంటుంది. హాల్లో కూర్చోకుండా తిన్నగా వంటింట్లోకి వచ్చి, బల్ల దగ్గర కుర్చీ లాక్కుని, మా మరదల్ని అడిగిన మొదటి మాట ఇది.

“డాక్టర్‌గారిని చివరిసారి ఎవరు చూశారమ్మా?”

మా మరదలికి నవ్వొచ్చింది. “ఆయన్ని ఒకరు చూడ్డమేంటి మేడమ్? మా అందర్నీ ఆయనే చూస్తారు.”

నిజమే. మా ఇంట్లో ఎవరమూ వేరే డాక్టరు గుమ్మం తొక్కలేదు. అన్నం తింటుండగానే నాలుక చాపమంటాడు, కనురెప్ప లాగి చూస్తాడు, ఏం లేదు పొమ్మంటాడు. వాడికీ ఏమీ ఉండదనే మా నమ్మకం.

“అందర్నీ చూసే మనిషిని కూడా ఎవరో ఒకరు చూడాలి కదమ్మా. అది తేలాకే మిగతా లెక్క” అంది మేడమ్.

అప్పుడే లోపలికొచ్చిన మా తమ్ముడు ఆ మాట విని మండిపడ్డాడు. నా పని నాకు నేర్పడానికి వచ్చారా అని మొహం మీదే అడిగాడు. ఆవిడ కోప్పడలేదు. మంచినీళ్ళు తాగి, వస్తానమ్మా అని చెప్పి వెళ్ళింది. ఆ రోజు మా మరదలు స్టవ్ దగ్గర నిలబడి ఏడ్చింది. “ఆవిడ మంచిది వదినా. నాకు తెలుస్తుంది. ఆయన ఎవర్నీ నిలబడనివ్వరు. నేనింక ఎవరి కాళ్ళు పట్టుకోను?” అంది. ఆ తర్వాత టోకెన్ల బల్ల దగ్గర పిల్లల్ని తీసుకొచ్చిన తల్లిదండ్రుల్ని కూడా అడగడం మొదలెట్టింది. జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి ఎత్తుకున్నవాళ్ళని బీమా సంగతి అడిగితే ఏం చెబుతారు? మనిషి సగమైపోయింది. చూడలేకపోయాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా తమ్ముడు తనే ఒకణ్ణి తీసుకొచ్చాడు. మనిషి మాటకి ముందు నవ్వుతాడు, మాట అయ్యాక కూడా నవ్వుతాడు.

“డాక్టర్‌గారికి పరీక్షలేంటండీ” అన్నాడు. “ఏ జబ్బూ లేదన్న చోట ఆయన టిక్కు పెట్టేస్తారు. అమ్మగారు పక్కన సంతకం చేస్తే అయిపోయె.”

మనిషి నడకలో కూడా తప్పులు వెతికే మా తమ్ముడు ఇతగాడిలో ఒక్క వంకా పెట్టలేదు. టిక్కు పెట్టి పెన్ను భార్యకిచ్చాడు. ఆమె పెన్ను తీసుకుంది. ఇన్నాళ్ళకి ఒకడు కుదిరాడని నేనూ ఊపిరి పీల్చుకున్నాను. కానీ ఆమె సంతకం పెట్టలేదు. మొగుడి మొహంలోకి చూసింది.

“మిమ్మల్ని చివరిసారి ఎవరు చూశారు?”

“ఇప్పుడెందుకది? సంతకం పెట్టు.”

“చివరిసారి ఎవరు చూశారండీ?” కోపం లేదు, తొందర లేదు. బస్టాండు కిటికీ గొంతు అది.

“నేనే చూసుకున్నా.”

“ఏం చూశారు?”

వాడు కాళ్ళు మళ్ళీ కుర్చీ కిందికి లాక్కున్నాడు. ఆమె పెన్ను బల్ల మీద పెట్టి, వాడి ముందు నేల మీద కూర్చుంది. ప్యాంటు కొంచెం పైకి లాగి, కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. ఒళ్ళు వాచిన పిల్లలొస్తే వాడు అలా నొక్కి చూడటం ఆమె రోజూ చూసేదే. వేలు తీసేసింది. అక్కడ పడిన గుంట అలాగే ఉండిపోయింది. నలుగురం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

“మీరు వెళ్ళండి బాబూ” అంది నవ్వుల మనిషితో. అతను కాగితాలు తీసుకుని చప్పుడు చేయకుండా వెళ్ళిపోయాడు.

“రెండు కిడ్నీలూ పోతున్నాయి” అన్నాడు మా తమ్ముడు. “క్లినిక్ తెరిచిన కొత్తల్లోనే తెలిసింది. జబ్బు డాక్టరు దగ్గరికి ఎవరొస్తారు? ముందు పాలసీ ఒకటి చేతికొస్తే తర్వాత చెబుదామనుకున్నా. నేను లేకపోయినా మీకు ఇల్లన్నా మిగలాలని.”

లాగి చెంప మీద కొట్టాలనిపించింది. చిన్నప్పుడు జ్వరమొస్తే రాత్రంతా వీణ్ణి భుజాన వేసుకు తిరిగింది నేను. వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

మర్నాడు బ్యాంకు మేడమ్‌ని మా తమ్ముడే వెళ్ళి పిలుచుకొచ్చాడు. అదే బల్ల దగ్గర కూర్చుని ఏదీ దాచకుండా చెప్పాడు. ఆవిడ కూడా ఏదీ దాచలేదు.

“ఇప్పుడు ఈయన మీద పాలసీ దొరకదమ్మా. అబద్ధం రాసి తీసుకున్నా, కట్టినన్నాళ్ళూ కట్టించుకుని, తీరా మీకు అవసరమొచ్చినప్పుడు ఇచ్చేవాళ్ళు కాదు.”

మా మరదలు తలూపింది.

“క్లినిక్‌కి ఇంకో డాక్టర్ని కలుపుకోండి. బ్యాంకుతో నేను మాట్లాడతాను” అంది మేడమ్. “నువ్వు మళ్ళీ ఉద్యోగంలో చేరు. పాలసీ నీ పేరు మీద తీసుకుందాం. ఇకమీదట ఈ ఇంటికి ఆధారం నువ్వే. నీకే జబ్బూ లేదు కదా?”

“లేదు మేడమ్. మా ఇద్దరి రక్తం ఒకటే గ్రూపు. రేపు నాకూ పరీక్షలున్నాయి. అన్నీ కుదిరితే నా కిడ్నీ ఒకటి ఆయనకిస్తాను. అప్పుడు నాకు పాలసీ ఇస్తారా?”

మా తమ్ముడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. మేడమ్ పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది.

ఆవిడకి వినపడలేదనుకుంది మా మరదలు. కొంచెం ముందుకి వంగి, అదే గొంతుతో మళ్ళీ అడిగింది.