జబ్బ ఎట్ల విరిగిందంటే

పోలీసు చర్య అయిన మరుసటేడు, నల్లగొండ దవాఖానల కుడి జబ్బకు కట్టు కట్టించుకొని బస్సుల మా ఊరికి పోతున్న. కేతేపల్లి దగ్గర మిలిటరీవాళ్లు బస్సు ఆపిన్రు. దెబ్బ తగిలిన పడుచు పిలగాడు కనబడితే కమ్యూనిస్టు దళంల తిరిగెటోడని పట్టుకపోయే రోజులవి.

ఒక జవాను నా దవాఖాన చీటీ చదివిండు. జబ్బ ఎముక విరిగిందని ఉన్నది గానీ, ఎట్ల విరిగిందో డాక్టరు రాయలేదు.

"కైసే టూటా?" అని గద్దించిండు.

బర్రె మీదికెల్లి పడ్డనని చెప్పాలె. భయానికి బర్రెను హిందీల ఏమంటరో యాదికి రాలే.

నా పక్కన కూసున్న ముసలవ్వ ఎవరో నాకు తెల్వదు. బస్సెక్కినప్పటి సంది అడిగి అడిగి ఆ సంగతంత నాతోని చెప్పించుకున్నది. ఆమెనే లేచింది. రెండు చేతులు నెత్తిమీద కొమ్ముల లెక్క పెట్టింది. బర్రె లెక్క అరిచి, ఒళ్లంత ఊపి, నన్ను చూపించి, సీటుల ధబీమని కూలబడ్డది.

"గిట్ల పడ్డడు సారూ! బర్రెకేం గాలే!"

బస్సంత ఒక్కటే నవ్వు. జవాను గూడ నవ్వాపుకోలేక చీటీ నా చేతిల పెట్టి దిగిపోయిండు.

"ఇగ ఫికర్ లేదు, జర నవ్వు బిడ్డా" అన్నది అవ్వ. తర్వాతి ఊళ్లె దిగిపోయింది. పేరన్న అడగలే.

కొన్నేండ్లకు నాకు దవాఖానలనే చీటీలు రాసే నౌకరి దొరికింది. ఒకనాడు ఎడ్లబండి మీదికెల్లి పడి చెయ్యి విరిగిన రైతుకు నేను రాసిన చీటీ చూసి డాక్టరు నవ్విండు.

"ఎడ్ల రంగు గూడ ఎందుకయ్యా?"

"ఉండనియ్యి సార్, ఎవరన్న అడుగుతరు" అన్న.