లేత్ మిషన్‌కు పెట్టిన బొట్టు

కువైత్‌లో ఒక తనిఖీ సంస్థలో సీనియర్ ఇన్‌స్పెక్షన్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఒక మార్చి నెలలో, సబ్హాన్ పారిశ్రామికవాడలోని ఒక వర్క్‌షాపుకు వెళ్లి అక్కడున్న లేత్ మిషన్‌ను చూసి రమ్మని నన్ను పురమాయించారు. పని మా ఐరోపా శాఖ నుంచి వచ్చింది.

ఐరోపాలో వెనకబడిన ప్రాంతాల కోసం అక్కడి దేశాలు కలిసి నడిపే నిధి ఒకటుంది. గనులు మూతపడి జనం వలసపోతున్న ఒక చోట, ఒక ఫ్యాక్టరీ ఈ కంప్యూటర్ లేత్ కొనుక్కోవడానికి ఆ నిధి సాయం చేసింది. సాయం అందాక అయిదేళ్లు మిషన్ ఆ ప్రాంతంలోనే ఉండి అక్కడివాళ్లకు పని కల్పించాలన్నది షరతు. గడువు తీరకుండానే అది కువైత్ చేరింది. రెండు నెలల కిందట ప్రదర్శనకు పంపామని, మళ్లీ వెనక్కి తెప్పిస్తామని ఫ్యాక్టరీ జవాబు. అది నిజమో కాదో తేల్చడం నా పని.

అబద్ధమని గేటు దాటకముందే అనుకున్నాను. మా వృత్తిలో అనుమానం ఒక జబ్బు. వర్క్‌షాపు మేనేజరు అడగకుండానే చాయ్ తెప్పించాడు, దాంతో నా అనుమానం ఇంకాస్త పెరిగింది. మిషన్ మీద కొత్త రంగు. నిధి సాయంతో కొన్నదని తెలిపే పలక ఉండాల్సిన చోట నాలుగు స్క్రూ రంధ్రాలు. ఎప్పుడొచ్చిందని ఎవరినడిగినా రెండు నెలలే, ఒక్క రోజు అటూ ఇటూ లేదు. నిజం చెప్పేవాళ్లకు ఇంత కచ్చితంగా గుర్తుండదు.

మిషన్ నడిపేది గంగారాం, జగిత్యాల వైపు మనిషి, నలభై దాటినవాడు. నేను తెలుగువాణ్నని తెలిసీ నా ముఖం చూడలేదు. "రెండు నెలలాయె సార్" అన్నాడు. ఇతనూ వాళ్ల మనిషేనని లెక్క వేసుకున్నాను.

సీరియల్ నంబరు కోసం కరెంటు ప్యానెల్ తలుపు తెరిచాను. తలుపు లోపలివైపు పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది, నూనె, దుమ్ము పట్టి నల్లబడింది. ఐరోపాలో లేత్ మిషన్‌కు బొట్టు పెట్టే ఊరు ఉంటుందని నేననుకోను. దసరాకు పనిముట్లకు పూజ చేసేది మనవాళ్లే. దసరా వెళ్లి అప్పటికి అయిదు నెలలు. నాకు లోలోపల భలే సంబరమైంది.

మేనేజరు ఫోనందుకుని బయటికి వెళ్లగానే గంగారాం దగ్గరికొచ్చాడు.

"దసరకు పెట్టిన సార్, తుడుసుడు యాది మర్సిన. గది రాయకుండ్రి. వీళ్లు సెప్పమన్నదే సెప్పిన. వచ్చే నెల నా ఇఖామా అయిపోతది. కఫీల్ మళ్ల చెయ్యకుంటే ఖలాస్, ఇంటికే. బిడ్డ నర్సింగు సదువుతాంది."

ఇఖామా అంటే కువైత్‌లో ఉండటానికిచ్చే అనుమతి. దాన్ని పొడిగించాల్సింది కఫీల్, అంటే యజమాని. "చూద్దాంలే" అన్నాను. నన్ను మెత్తబరచడానికి కూతుర్ని అడ్డం పెడుతున్నాడేమోనని కూడా అనిపించింది.

తర్వాత మిషన్ మెమరీ తెరిచాను. సబ్హాన్ ఖాతాదారులకు చేసిన విడిభాగాల ప్రోగ్రాములన్నీ తేదీలతో సహా అందులో ఉన్నాయి. మొదటిది పోయిన వేసవి నాటిది. కేసు తేలడానికి ఆ తేదీలు చాలు. అయినా బొట్టు ఫొటో కూడా నివేదికలో పెట్టాను. మా ఆఫీసులో అలాంటి సాక్ష్యం ఎవరూ పట్టలేదని నా గర్వం.

ముసాయిదాను ఫ్యాక్టరీకి పంపి వాళ్ల జవాబు తీసుకోవాలన్నది నియమం. ఆ సంగతి నాకు తెలుసు. ఫ్యాక్టరీ దాన్ని బొట్టు ఫొటోతో సహా వర్క్‌షాపుకు పంపింది. చివరకు సాయం వాపసు కట్టేసి ఫ్యాక్టరీవాళ్లు చేతులు దులుపుకున్నారు, మిషన్ సబ్హాన్‌లోనే ఉండిపోయింది. ఇంకో పని మీద మళ్లీ అటు వెళ్లినప్పుడు దాని దగ్గర వేరే మనిషి నిలబడి ఉన్నాడు. గంగారాం ఇఖామా పొడిగించలేదట. నాకు సిగ్గేసింది.

ఒక వెనకబడిన ప్రాంతంలో ఉద్యోగాలు నిలపడానికి పెట్టిన షరతును నేను సక్రమంగానే అమలు చేశాను. అక్కడ ఒక్క ఉద్యోగమూ నిలవలేదు, జగిత్యాల మనిషిది ఒకటి పోయింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, యంత్రం ఇచ్చే సాక్ష్యం సరిపోయిన చోట మనిషిని పట్టిచ్చే సాక్ష్యం నివేదికలో చేర్చలేదు. ఆ రోజూ మిషన్ మెమరీలోని తేదీలు సరిపోయేవే.