ఎలుగుబంటి నవ్వు

నిన్న ఉదయం ఏడూ నలభైకి సింగపూర్ యీషున్‌లో రైలెక్కి కూర్చున్నాను. ఎదురుగా ఒక పాప తన తల్లి ఫోన్‌లో కార్టూన్ చూస్తోంది. హాకర్ సెంటర్ తిండికొట్లో నూడుల్స్ అమ్మే లావుపాటి ఎలుగుబంటి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. పాపా నవ్వింది. ఆ ఎలుగుబంటిని గీసిన మనిషి పోయి రెండు నెలలైంది. నేను దిగవలసిన స్టేషన్‌కి ముందే దిగిపోయాను.

కార్గిల్‌లో యుద్ధం జరుగుతున్న రోజుల్లో పుట్టింది ఆ ఎలుగుబంటి. సింగపూర్ వచ్చిన మనవాళ్లలో ఎక్కువమంది కంప్యూటర్ల మనుషులే. నా ఫ్లాట్‌లో ఉండే ముగ్గురూ రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఏమైపోతాయోనని పొద్దస్తమానం కోడ్ దిద్దేవాళ్లు. "నీది ఏం ప్రాజెక్టు గురూ?" అని ఎవరైనా అడిగితే "ఎలుగుబంటి" అని చెప్పుకోవలసి వచ్చేది. ఆంగ్ మో కియో పారిశ్రామికవాడలో, నాలుగో అంతస్తులో, బోల్టులు చేసే కంపెనీ పక్కన ఉండేది మా యానిమేషన్ స్టూడియో. యజమానిని అంకుల్ అనేవాళ్లం. మలేషియాలో పుట్టిన తెలుగాయన. ఆయన తాతలు రబ్బరు తోటల పనికి వెళ్లినవాళ్లు. బొమ్మలు గీసేవాళ్లలో పెద్దవాడు శ్రీకాకుళం మనిషి, పిలుపుకి నాకు అన్న. అన్న మాటల్లో అంకుల్‌కి వాళ్ల నాయనమ్మ గొంతు వినిపించేదట. పనేమీ లేకపోయినా పలకరించి, "ఏదీ, ఇంకోసారి చెప్పు" అనేవారు.

అప్పట్లో మేం చేత్తోనే గీసేవాళ్లం. ప్రతి బల్ల మీదా ఒక చిన్న అద్దం ఉండేది. బొమ్మ మూతి ముడవాలంటే ముందు మనం ముడిచి, అద్దంలో చూసుకుని గీయాలి. కాఫీ తెచ్చే చైనా ఆంటీ మమ్మల్ని చూసి కప్పులు గుమ్మం దగ్గరే పెట్టి వెళ్లిపోయేది. అప్పటికే సగంమంది కంప్యూటర్ బొమ్మలు నేర్చుకుని వేరే చోట్లకి వెళ్లిపోయారు. ఒక టీవీ చానెల్ మాత్రం మొదటి భాగం నచ్చితే మరో పన్నెండు ఇస్తామంది. నచ్చకపోతే స్టూడియో మూసెయ్యడమే. అన్నీ అయ్యాయి, ఎలుగుబంటి నవ్వే ఎనిమిది సెకన్లు మిగిలాయి. అవి అన్న గీయాలి.

అన్న తమ్ముడు సైన్యంలో, ఆ కార్గిల్ కొండల మీద ఉన్నాడు. రెండు వారాలుగా కబురు లేదు. అన్న అద్దం ముందు కూర్చుని నోరు తెరిచేవాడు, మూసేసేవాడు.

"పళ్లు కనబడతన్నాయి గానీ నవ్వు రాట్లేదురా," అన్నాడు నాతో.

అంకుల్ విన్నారు. "నువ్వు గీయి లా," అన్నారు, మాట చివర మలేషియా తోక తగిలించి. "మొహం మేము ఇస్తాం."

అప్పట్నుంచి వంతులవారీగా అన్న పక్కన కూర్చుని ఆ అద్దంలోకి నవ్వేవాళ్లం. పక్క కంపెనీ సూపర్‌వైజర్ కూడా ఒకరోజు వచ్చి నవ్వి వెళ్లాడు. "ఇతనిది నవ్వేటి, దగ్గులా ఉంది" అని అన్న ఆ కాగితం పక్కన పెట్టాడు. ఆ వారంలో అందరం నిజంగా నవ్వింది అప్పుడొక్కసారే.

పని అప్పగించవలసిన ముందురోజు మధ్యాహ్నం ఒంటిగంటకి అన్న భోజనానికి కిందకి వెళ్లాడు. ఫోన్ మోగింది. అంకుల్ తీశారు. అన్న వాళ్ల ఊళ్లోని ఎస్.టి.డి. బూత్ నుంచి. పెట్టేసి చాలాసేపు ఫోన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"తమ్ముడు పోయాడట," అన్నారు. తర్వాత, "నాలుగు గంటల పని. ఇప్పుడు చెప్తే చెయ్యి ఆడదు. అయ్యాక చెప్దాం. ఏమంటావ్?"

నేను అన్న బల్ల మీది అద్దం తుడిచి పెట్టాను. ఒప్పుకున్నట్టే.

అన్న వచ్చి, "మకాన్ అయ్యిందేటి?" అని మా తిండి సంగతి అక్కడి మాటలో అడిగి పెన్సిల్ తీసుకున్నాడు. ఆ రోజు వంతు నాది. అద్దంలోకి నవ్వాను. అన్న నా మొహం చూస్తూ గీశాడు. ఆపితే మళ్లీ నవ్వమన్నాడు, మళ్లీ నవ్వాను. ఐదున్నరకి చివరి కాగితం అయింది. అప్పుడు అంకుల్ చెప్పారు. ఆ సాయంత్రం మద్రాసు విమానం అందలేదు. మర్నాడు బయల్దేరి అన్న ఊరు చేరేసరికి, సైన్యంవాళ్లు తెచ్చిన తమ్ముడికి దహనం అయిపోయి ఒక పూట గడిచింది.

చానెల్ వాళ్లకి అన్నిటికంటే ఆ నవ్వే నచ్చింది. మిగిలిన భాగాలూ ఇచ్చారు. స్టూడియో నిలబడింది, వెళ్లిపోయినవాళ్లలో ఇద్దరు తిరిగొచ్చారు. నెల తర్వాత అన్న కూడా వచ్చి తన బల్ల దగ్గర కూర్చున్నాడు. ఒకరోజు టీ తాగుతూ, కాగితాల మీద నుంచి తల ఎత్తకుండా అన్నాడు: "ఆ దినం నీ కళ్లు నవ్వలేదురా. సూసినట్టే గీసాను."

"అప్పుడే అడగొచ్చు కదన్నా?"

"అడిగితే సెప్పేస్తావని బయమేసింది."

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు స్నేహంగా ఉన్నాం. పెళ్లిళ్లకి వెళ్లాం, ఆసుపత్రుల్లో కూర్చున్నాం, ఆ మాట మాత్రం మళ్లీ రాలేదు. సంవత్సరాలు గడిచేకొద్దీ చాలా విషయాలు చిన్నవవుతాయంటారు. నాకు ఆ మధ్యాహ్నం ఇంకా ఆ నాలుగు గంటల పొడవునే ఉంది. స్టూడియో మూతపడేదాకా అన్న నవ్వులు గీస్తూనే ఉన్నాడు, తన మొహమే చూసుకుంటూ. నన్ను మళ్లీ కూర్చోమనలేదు. ఇప్పుడు ఆ పని కంప్యూటర్లలో జరుగుతోంది. నవ్వు గీయడానికి ఎవరూ పక్కవాడి మొహంలోకి చూడడం లేదు.