పుచ్చు లేని బొబ్బర్లు

ఆరు నెలలు గోనె సంచిలో ఉండి కూడా పుచ్చు పట్టని బొబ్బర్ల గురించి చదివినప్పుడు నేను ఆ పేజీని రెండోసారి చదివాను, తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుని మూడోసారి చదివాను. కీటకశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. పుచ్చు పురుగు అంత మర్యాదగా ప్రవర్తించడం నేనెన్నడూ చూడలేదు.

ఆ పేజీ ఘానాలోని ఒక విశ్వవిద్యాలయం నుంచి నాకు పరిశీలనకు వచ్చిన పరిశోధన గ్రంథంలోనిది. బొబ్బర్లు అక్కడివారి నిత్యాహారం. ఎఫువా అనే అక్కడి విద్యార్థిని మన దగ్గరికి వచ్చి, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఒక్కో ఊరిని ఎంచుకుని, కొన్ని ఇళ్ళకు రెండేసి సంచుల గింజలు ఇచ్చింది: ఒకటి గాలి చొరని మూడు పొరల సంచి, రెండోది మామూలు గోనె. ముట్టుకోవద్దని చెప్పి, గడువు తీరాక వచ్చి తూచింది. రెంటిలోనూ పురుగు లేదు. కాబట్టి ఖరీదైన సంచి అనవసరమని తేల్చింది. ఇంట్లో నిల్వల నిర్వహణ ఎవరి చేతిలో ఉంటుందన్న రెండో భాగం కూడా ఆ తూకాల మీదే నిలబడి ఉంది.

ఆమె ఉపకార వేతనం ఈ వానాకాలంతో ముగుస్తుంది. గ్రంథాన్ని తిరస్కరిస్తే డిగ్రీ లేకుండా ఇంటికి వెళ్ళాలి. ఆమోదిస్తే అక్కడి రైతులకు తప్పుడు సలహా అందుతుంది. ఊళ్ళకు వెళ్ళి చూసి రమ్మని విశ్వవిద్యాలయం నన్ను కోరింది. ఆమె గదిలో కూర్చుని అంకెలు అల్లిందన్న అనుమానంతోనే బయల్దేరాను.

సికింద్రాబాద్‌లో ఉదయం రైలెక్కితే జనగామకు టిఫిన్ వేళకు చేరవచ్చు. ఎదుటి సీటులో వరంగల్ వెళ్తున్న బట్టల వ్యాపారి నా పని ఏమిటో అడిగి తెలుసుకుని, నన్ను జాలిగా చూశాడు.

"బొబ్బర్ల పురుగు చూడనీకి గింత దూరమా సారు? మా ఇంటికొస్తే డబ్బ మూత తీసి చూపిస్త."

జనగామ బస్టాండు పక్కన ఇడ్లీ తిని లింగాల ఘనపూర్ బస్సు ఎక్కాను. అటు వెళ్ళేవారు గొడుగు మరచిపోవద్దు. దిగిన చోటు నుంచి ఊళ్ళోకి నడక తప్పదు, ఆ రోజు ముసురు విడవలేదు. ఎఫువా పెట్టిన సంచుల్లో ఎక్కువ భాగం ఒక పెద్ద రైతు ఇంట్లోనూ, ఆయన బంధువుల ఇళ్ళలోనూ ఉండేవట. ఆయన నన్ను వరండాలో కూర్చోబెట్టి, సంచుల మాట ఎత్తగానే చెప్పాడు.

"గా సంచులా? విప్పినం సారు. ఆఫ్రికా సంచంటే చూడకుంట ఎవరుంటరు? వచ్చినోళ్ళందరికి విప్పి చూపిచ్చిన."

"పురుగు పట్టలేదా?"

"పట్టకేం చేస్తది? ఆ పిల్ల వస్తున్నదని తెలిసి జనగామల కొత్త గింజలు తెచ్చి నింపిచ్చిన. ఊరి ఇజ్జత్ పోతది గదా."

లోపలి నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "ఊరి ఇజ్జతంట. పిల్లతోని దిగిన ఫొటో పాడైతదని పరేషాన్ ఆయినెకు."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఎఫువా అబద్ధం రాయలేదు. ఎదుట పెట్టినదాన్ని నిజాయితీగా తూచింది. నా అనుమానం వీగిపోయింది, ఆమె గ్రంథం మాత్రం ఇంకాస్త కుంగింది.

మధ్యాహ్నం జనగామలో మళ్ళీ రైలెక్కి సాయంత్రానికి మహబూబాబాద్ చేరాను. స్టేషన్ ఎదుటి లాడ్జిలో గది దొరికింది. గోడలు చెమ్మగా ఉన్నాయి. మరునాడు ఉదయం నర్సింహులపేటకు బస్సు, అక్కడి నుంచి తండాకు ఆటో. తండాలో సంచులు చూసుకున్న ద్వాలి అనే నడివయసు స్త్రీ నేనెందుకు వచ్చానో వినగానే అడిగింది: "ఎఫువా బాగున్నదా సారు? మా దిక్కు మళ్ళెప్పుడొస్తదంట?"

బాగానే ఉందని చెప్పి, సంచుల సంగతి అడిగాను.

"ముట్టుకోవద్దని చెప్పింది కదమ్మా?"

"ముట్టలే సారు. చెరిగినం, అంతే. ఎండకు పోసినం. పుచ్చినయి ఏరేసి, తక్కువబడ్డకాడ మా గింజలు పోసి, మళ్ళ ఎట్ల ఉండెనో అట్లనే కట్టినం."

"రెండు సంచులూనా?"

"ఒకటి చెరిగి ఒకటి ఇడుస్తరా ఎవరన్న?"

చుట్టూ చేరిన ఆడవాళ్ళు తమ భాషలో ఏదో అనుకుని నవ్వారు. వారి లెక్కలో నా ప్రశ్నే వింతగా ఉంది. ద్వాలి నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పింది. "పరాయి పిల్ల. సముద్రం దాటొచ్చి మమ్మల్ని నమ్మి గింజలు దాసిపోయింది. దాసుమన్నయి పురుగులు పట్టిచ్చి ఇస్తమా? ఇచ్చినదానికంటె మంచిగ ఇయ్యాలె. మాకాడ గంతే."

"మరి ఆమె వచ్చినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"చెరిగినవా అని అడగలే. పురుగున్నదా అని అడిగింది. లేదన్నం. లేకుండె గదా."

ప్రశ్నావళిలో తప్పు నాకు అప్పుడు కనిపించింది. నేను తయారుచేసినా ఆ ప్రశ్న అందులో ఉండేది కాదు.

ఆటో ఎక్కబోతుంటే ద్వాలి దగ్గరికి వచ్చింది. "మేం చేసినదానికి పిల్లకేమన్న అయితదా?"

"అవుతుందమ్మా. చదువు ఆగిపోవచ్చు."

ఆమె ఆటో అంచు పట్టుకుంది. "అయితె తప్పు మాదని రాయి సారు. ఆమె పేరు తియ్యకు."

అలా రాసే వీలు మా పద్ధతిలో లేదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

తూచిన గోనెల్లో ఒక్కదానిలోనూ పురుగు లేదంటే మూడో ఊళ్ళోనూ ఇలాంటిదే జరిగి ఉంటుంది. ఇక మిగిలింది ఒక్క ఆశ. గ్రంథం చివర ఎఫువా ఒక గమనిక రాసింది: కాటారం దగ్గరి ఊళ్ళో రాజవ్వ అనే వృద్ధురాలు తూకం నాటికి దవాఖానలో ఉంది, ఇంటికి తాళం ఉంది, ఆమె సంచుల జత లెక్కలో చేరలేదు. తాకని జత ఒక్కటి దొరికినా, తిరస్కరణకు బదులు గడువు పొడిగించమని సిఫారసు చేయడానికి నాకు ఆధారం ఉంటుంది.

వరంగల్ మీదుగా భూపాలపల్లి చేరేసరికి చీకటి పడింది. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్క హోటల్లో అన్నం తిని పడుకున్నాను. ఉదయం కాటారం బస్సు. కిటికీలోంచి నాట్లు, వాటి వెనక అడవి, అంతా ఒకే బూడిద రంగులో తడుస్తూ కనిపించింది.

రాజవ్వ గడపలో కూర్చుని ఉంది. సంచులు విప్పావా అని అడిగితే అడ్డంగా తల ఊపింది. "దేవుని అర్రల ఉన్నయి బిడ్డ. దవాఖాన నుంచి వచ్చినంక ఆ దిక్కే పోలే."

చెప్పులు విడిచి లోపలికి అడుగేయబోయాను. ఆ దేవుడి గదిలోకి నేను రాకూడదంది. రెండు సంచులూ ఉన్నవి ఉన్నట్టు బయటికి తెమ్మన్నాను. మోయలేనంది. అయితే ఒక్కో సంచి నుంచి ఒక్కో దోసెడు, విడివిడిగా, ఏమీ చేయకుండా తెమ్మని రెండుసార్లు చెప్పాను.

"గట్లనే బిడ్డ. గీ చాయ తాగు."

చాయ సగం తాగాను. లోపల నుంచి చేట చప్పుడు మొదలైంది.

అవ్వా, అవ్వా అని గడప దాకా పరుగెత్తాను. ఆమె చెరగడం ఆపకుండానే నా వైపు చూసింది. నేల మీద గింజలన్నీ ఒకే కుప్ప. రెండు సంచులూ ఖాళీగా పక్కన పడి ఉన్నాయి.

"మోయలేనంటి గని గుమ్మరియ్యలేనా? గంత దూరం నుంచొస్తివి. దుమ్ముతోని ఇయ్యాల్నా నీకు?"

ఆమె చేసిన తప్పేమిటో నాకు తెలియలేదు. పొల్లూ పురుగులూ వాకిట్లోకి ఎగిరి వానలో కొట్టుకుపోయాయి. ఏ సంచిలో ఎన్ని ఉండేవో ఇక ఎవరూ చెప్పలేరు. ఆమె ఒక గుడ్డలో గింజలు మూటగట్టి నా చేతిలో పెట్టింది.

భూపాలపల్లిలో బస్సు మారి, హన్మకొండ మీదుగా కాజీపేట చేరి, సాయంత్రం రైలెక్కాను. నివేదిక ఫోనులోనే రాశాను. విద్యార్థిని నిజాయితీని శంకించడానికి కారణం లేదు. తూకాలు నమ్మదగినవి కావు. గ్రంథాన్ని ఆమోదించలేను. ఎన్నిసార్లు తిరగరాసినా మొదటి వాక్యం మూడోదాన్ని ఆపలేకపోయింది.

పంపిన కొద్దిసేపటికి ఎఫువా నుంచి సందేశం వచ్చింది. నేను ఊళ్ళకు వెళ్ళిన సంగతి ఆమెకు తెలుసు, నివేదిక ఇంకా చేరలేదు. "ఊళ్ళల్లో అందరూ బాగున్నారా? ద్వాలి అక్క నన్ను అడిగిందా?"

అడిగిందని జవాబిచ్చాను. ఈ ప్రయాణంలో నేను నిర్ధారించగలిగినది అదొక్కటే.

రైలు జనగామలో ఆగింది. ప్లాట్‌ఫారం దీపం కిటికీలో పడుతుంటే రాజవ్వ మూట విప్పి, గింజలు ఒళ్ళో పోసుకుని, ఒక్క పుచ్చు గింజ కోసం వెతికాను. రైలు కదిలినా వెతుకుతూనే ఉన్నాను. ఒక్కటీ లేదు.