వాసన రాని అత్తరు

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం అది. హనుమకొండలో కరీంనగర్ బస్సెక్కాను. మాస్కు ముక్కుకు పెట్టుకోమంటే గడ్డానికి కాపలా పెట్టిన వీరుణ్ణి నేను. పక్క సీట్లోని పెద్దాయన మాత్రం ముక్కూ మూతీ మూసుకుని, ఒళ్లో పసిపిల్లల దుప్పటి పెట్టుకుని కూర్చున్నాడు. కరీంనగర్‌లో కూతురికి ఆడపిల్ల పుట్టిందట, మొదటిసారి చూడబోతున్నాడు.

ఆ సంతోషంలో అత్తరు సీసా తీసి, తను రాసుకునేముందు మర్యాదగా నా మణికట్టుకు రాశాడు. తర్వాత మాస్కు దించి తన చెయ్యి వాసన చూసుకుని మొహం చిట్లించాడు.

"దుకాణపోడు మోసం జేసిండు సార్. ఉత్త నీళ్లు. జర మీరు సూడుండ్రి."

చూడక్కర్లేదు. ముందు సీటామె అప్పటికే ఘాటుకు కొంగు అడ్డం పెట్టుకుంది. వాసన తెలియకపోవడమంటే ఏమిటో ఆ రోజుల్లో అందరికీ తెలుసు. అబద్ధం చెబుదామనిపించింది కానీ, ఒళ్లోని దుప్పటి చెప్పనివ్వలేదు.

"మస్తు వాసనొస్తాంది చాచా," అన్నాను, గడ్డం మీది మాస్కును గబగబా పైకి లాక్కుంటూ.

ఆయన సీసాకు మూత బిగించాడు. "జరమైతే లేదు సార్. నిన్నటిసంది జర ఒళ్లు నొప్పులంతే," అని మాస్కు పైకి జరుపుకున్నాడు. హసన్‌పర్తిలో బస్సాగగానే లేచాడు.

"మీ బిడ్డ ఊరింకా రాలేదు గద చాచా?"

"రాలే. పసిపిల్ల సార్."

కిటికీలోంచి చూస్తే, రోడ్డు పక్కన నిలబడి ఫోన్లో, "బస్సు ఖరాబైంది బేటా, ఇయ్యాల రాలేను," అంటున్నాడు. మా బస్సు కదలగానే, ఆ చప్పుడు కూతురికి వినబడకుండా ఫోన్‌ను అరచేత్తో మూసి పట్టుకున్నాడు.