సుక్కి ఏడ్చిన రోజు

మహబూబాబాద్‌లోని ఒక దవాఖానలో శిరీష సైకాలజిస్టు. గూడూరు పక్క తండాలో పుట్టి, చిన్నప్పుడే హాస్టల్‌కు వెళ్లి చదువుకుంది. ఆమె గదిలో బల్ల గోడ వారన ఉంటుంది. వచ్చినవాళ్ల పక్కనే కూర్చుంటుంది, మాట్లాడమని తొందరపెట్టదు.

ఆ ఉదయం రజిత తన అత్త సుక్కిని తీసుకొచ్చింది. భర్త సోమ్లా చనిపోయినప్పటి నుంచి సుక్కి ఏడవలేదు, మాట్లాడలేదు. ఇప్పుడు ముద్ద కూడా ముట్టడం లేదు.

"గిట్లనే ఉంటే మా అత్త దక్కదు మేడం," అంది రజిత.

శిరీష సుక్కి పక్కన కూర్చుంది. చావు జరిగిన ఇంటికి వెళ్లిన ఆడవాళ్లు ఆ ఇంటి ఆడవాళ్ల మెడ కావలించుకుని రాగం తీసి ఏడవడం తండా పద్ధతి. "యాడీ, నీ మెడ పట్టుకోనా?" అని లంబాడీలో అమ్మను పిలిచినట్టు పిలిచి అడిగింది. సుక్కి కాదనలేదు. శిరీష ఆమెను కావలించుకుని, తనకు గుర్తున్న రాగం ఎత్తుకుంది.

కాసేపటికి సుక్కి తల ఎత్తింది.

"ఏందే పిల్లా! గది పెండ్లిపిల్ల ఏడ్చే పాట గదా! మా ముసలోడేమన్న అత్తగారింటికి పోయిండా?"

రజిత పక్కున నవ్వి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. శిరీషకూ నవ్వాగలేదు. "నాకు గదొక్కటే వచ్చు యాడీ. అసలుది ఎట్ల?"

"ఎట్లనా? గిట్ల," అని సుక్కి ఎత్తుకుంది. మూడు మాటలకే భోరుమంది. శిరీష ఊరుకోమనలేదు, పట్టు వదల్లేదు.

ఏడుపు తీరాక సుక్కి ముఖం తుడుచుకుని కోడలి వైపు తిరిగింది.

"రొట్టె తెచ్చినవా? గీ పిల్లకు గూడ పెట్టు. వచ్చే వారం మల్ల వద్దాం. దీనికి ఏడుసుడు నేర్పాలె."