వల దాటిన పెంటికలు

నవనీతకు కోపమొస్తే చేతిల చాక్‌పీసు విరుగుతది. సూర్యాపేట పాలిటెక్నిక్‌ల కాంట్రాక్టు లెక్చరరు. వచ్చే సోమవారం ప్రిన్సిపాల్ వెనక బెంచీల కూసుని ఆమె పాఠం వింటడు. పిల్లలకు సమజైతే నౌకరీ ఉంటది, లేకుంటే ఖతం. పాఠమేమో ఫిల్టరుది, అక్కరలేని రొదను ఆపే సర్క్యూటుది. వెయ్యి హెర్ట్జ్ దగ్గర ఆపాల్సిన ఫిల్టరు, కొలిచి సూస్తే పదిహేను వందల డెబ్బై దాకా బార్లా తెరిచినంత రొదను లోపలికి ఒదులుతది. ఎందుకో సూత్రం రాస్తే గోడకు చెప్పినట్టే ఉంది.

ఆదివారం చిలుకూరు దగ్గరి ఇంటికి పోతే గాడ ఇంకో పంచాయితీ. నాయిన ముత్తయ్య గొర్ల కాపరి. రైతుల చెలకల్ల వల కట్టి రాత్రికి మంద పెడ్తడు, పొద్దుగాల్లకు ఎరువు పడ్తది. ఈసారి ఈదయ్య అనే రైతు చెలకల బద్ధకానికి వలను గెట్టు మీదనే వదులుగ కట్టిండు. గొర్లు ఊకుంటయా? వల కింద దూరి పక్క చెలకల పెంటికలు రాల్చినయి, గెట్టుకాడ చిక్కగ, పోను పోను పల్చగ. తన ఎరువు పక్కోనికి పోయిందని ఈదయ్య లబలబలాడుతుండు. ఒక్క గొర్రె గూడ వల దాటలేదని ముత్తయ్య బుకాయిస్తుండు, కాళ్ల కింద పెంటికలు పెట్టుకోని!

చివరికి తండ్రీబిడ్డలే ఊడ్చి తెచ్చి ఇటు ఈదయ్య చెలకల పరవాల్సొచ్చింది. వల లోపల ఉన్నంత చిక్కగ పరిస్తే, మంద పెట్టిన జాగల ఇంకో సగమంత నిండింది. నవనీత చీపురు పట్టుకోనే పకపకా నవ్వింది. మర్నాటి పాఠం దొరికింది మరి.

నవ్వైతే నవ్వింది గానీ, ఎట్ల చెప్పాలె? కాలేజీల అందరికీ నాయిన వ్యవసాయం చేస్తడనే చెప్పింది. గొర్లంటే నవ్వుతరని భయం.

సోమవారం బోర్డు మీద సూత్రం రాసింది. పిల్లల ముఖాలు ఖాళీ. చాందీ అనే పిల్ల లేచి, వెయ్యి అన్నరు గద మేడం, మరి ఈ పదిహేను వందల డెబ్బై యాడికెళ్లి వచ్చింది అని అడిగింది. నవనీత చాక్‌పీసు పక్కన పెట్టింది.

“మా నాయిన గొర్లు కాస్తడు,” అంది. “వల కట్టినంత మాత్రాన పెంటికలు ఆగవు. బయట పల్చగ పడ్డదంతా ఊడ్చి, లోపల ఉన్నంత చిక్కగ పరిస్తే వల ఎందాక జరగాల్నో, గదే ఈ పదిహేను వందల డెబ్బై.”

క్లాసు ఒక్క పెట్టున నవ్వింది. నవనీతకు సిగ్గుతో చెవులు కాలినయి. చాందీ మాత్రం నవ్వలేదు, బోర్డు దిక్కే సూస్తుంది.

“అయితే గట్టి వల కడితే, ఆ లెక్క వెయ్యి దగ్గరికొస్తది గద మేడం?”

“గంతే బిడ్డా,” అంది నవనీత. ఇన్నేండ్లు ఆ గదిల పుస్తకాల భాషనే మాట్లాడిన ఆమె నోట ఇయ్యాల ఇంటి మాట వచ్చింది. వెనక బెంచీల ప్రిన్సిపాల్ తలూపుతనే ఉన్నడు గానీ, ఆమె అటు సూడనే లేదు.